బి సైడు చివర

చప్పట్లు కొట్టడానికి నేను రాలేదు. అల్వాల్‌లో ఆటో ఎక్కేటప్పుడే ఆ సంగతి తేల్చుకున్నాను, బ్యాగులో పాల కవరులో చుట్టిన క్యాసెట్టు ఉందో లేదో తడిమి చూసుకున్నాను, కార్ఖానా దగ్గర దిగి ఈ మేడ మెట్లెక్కేటప్పుడు మళ్లీ తడిమాను. పైన కాఫీ షాపు. ఆదివారం సాయంత్రం 'లిజనింగ్ సెషన్' అని పెట్టారు, అంటే వినడానికి కూడా ముహూర్తం కావాలన్నమాట. ముహూర్తం దాటిపోయింది, ఇంకా మైకు సర్దుతూనే ఉన్నారు. టైర్లకు తాళ్లు అల్లి వాటికి కుర్చీలని పేరు పెట్టారు, కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి. కాఫీ నురుగు మీద ఆకు బొమ్మ గీసి ఇచ్చారు, నేను మొదట ఆ ఆకును చెంచాతో చెరిపేసి తర్వాత తాగాను. చుట్టూ కుర్రకారు, ప్యాకెట్ మడతలు ఇంకా పోని నల్ల టీషర్టులు, వాటి మీద నల్లా బొమ్మ, కింద బిందెల వరుస. ఆ బొమ్మ నాది. అంటే నేను గీసింది కాదు, కానీ వీళ్లు పుట్టకముందు నుంచీ నా దిండు పక్కన ఉన్నది. ఖరాబ్ అనే బ్యాండు ఇరవై నాలుగేళ్ల కింద ఇక్కడే, సికింద్రాబాద్‌లో, ఒకే ఒక్క ఆల్బమ్ చేసింది, పేరు 'నల్లా రాలే'. పంక్ రాక్, అదీ తెలుగులో, అదీ మా గల్లీ తెలుగులో. అప్పుడు కుక్క కూడా వినలేదు. ఇప్పుడు దాన్ని కడిగి, తుడిచి, ఇస్త్రీ చేసి మళ్లీ విడుదల చేస్తున్నారు. చేసుకోండి, నాకేం. కానీ చివర కోసేశారు. బి సైడు చివర, ఆఖరి పాట తర్వాత వచ్చేది, ఆల్బమ్ మొత్తానికి ప్రాణం లాంటిది, కోసేశారు. దాని సంగతి అడగడానికి వచ్చాను. నలుగురిలో అడుగుతాను, పరువు పోతే వాళ్లదే పోతుంది.

ఒంటరిగా అడిగి చూశాను ముందు. అదిగో ఆ మైకు దగ్గర నిలబడ్డ విజయేందర్, అప్పట్లో గిటారు, ఇప్పుడు పోనీటెయిల్, అపార్ట్‌మెంట్ల ప్రకటనలకు పాటలు కట్టే స్టూడియో ఓనరు, ఆ ప్రకటనల్లో ఇరవై నాలుగ్గంటలూ నీళ్లు అని పాడిస్తుంటాడు, సిగ్గు లేదు, ఆయన నెల కింద ఆల్బమ్‌ను నెట్‌లో పెట్టిన రోజే విని కింద రాశాను, చివర ఏమైందండీ అని. మేడమ్, అలాంటి ఎండింగ్ మా ఆల్బమ్‌లో లేదు, మాస్టర్ టేప్ నా దగ్గరే ఉంది అని జవాబు. లేదట! నా ఇంట్లో, నా పెట్టెలో, నా చెవుల్లో ఇరవై నాలుగేళ్లుగా ఉన్నది లేదట. నాతో చెవుల సంగతి మాట్లాడుతున్నాడని ఆయనకేం తెలుసు. బోయిన్‌పల్లిలో ఒక చెవి, ముక్కు, గొంతు డాక్టరు దగ్గర వినికిడి పరీక్షలు చేసేది నేనే. గాజు గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు తొడిగి, వినబడ్డప్పుడల్లా చెయ్యెత్తండి అంటాను. మార్కెట్‌లో ఇన్నేళ్లు వేలం పాటల్లో అరిచి అరిచి చెవులు పోగొట్టుకున్న పెద్దమనుషులు వస్తారు, ఏమీ వినబడకపోయినా నామోషీ కొద్దీ చెయ్యెత్తుతుంటారు, నేను శబ్దం ఆపేసినా ఎత్తుతూనే ఉంటారు. విజయేందర్ జవాబు చదివిన మర్నాడు అందరూ అన్నానికి వెళ్లాక ఆ గాజు గదిలో నేనే కూర్చుని నా చెవులు నేనే పరీక్షించుకున్నాను. బంగారం లాగా ఉన్నాయి. మళ్లీ ఇంటికొచ్చి క్యాసెట్టు పెట్టి విన్నాను. ఉంది. చివర వినబడే మాటలు ఉన్నవున్నట్టు నెట్‌లో రాసి పెట్టాను. యాప్రాల్ నుంచి ఎవడో రాశాడు, నా క్యాసెట్‌లో మీరు చెప్పే మాటలు లేవు కానీ ఎవరో ఆమె 'ఆమేన్ దగ్గర ఊపిరి తీసుకోండి' అంటుంది అని. ఇంకొకడు, నా దాంట్లో బొంగురుగా రాగం తీస్తుంది అంతే అని. నీది దొంగ కాపీ, నీది అంతకన్నా దొంగ కాపీ అని ఇద్దరికీ పెట్టాను. తిట్టుకున్నాం. ఒక ఆల్బమ్‌ను ప్రపంచం మొత్తంలో పట్టించుకునేది పదిమంది, ఆ పదిమందీ ఒకరినొకరు నమ్మరు.

విజయేందర్ మైకును వేలితో కొడుతున్నాడు, వన్ టూ, వన్ టూ. కొట్టుకో. నాకు ఆ ఆల్బమ్ దొరికింది కాలేజీ పక్క జిరాక్స్ షాపులో, లామినేషన్ మిషను మీద దుమ్ము పట్టిన క్యాసెట్లు ఓ వరుస, బ్యాండువాళ్లే తెచ్చి పెట్టిపోయారట, ఎవరూ కొనలేదు. అట్ట మీద నల్లా, బిందెలు. అది చూసి తీసుకున్నాను, ఎందుకంటే ఆ రోజు పొద్దున నేను నల్లా దగ్గర ఒక ఆమె జుట్టు పట్టుకుని వచ్చాను. మా ఇంటికి దినం తప్పి దినం నీళ్లు, అది కూడా వదిలేవాళ్లకు బుద్ధి పుడితే, అందరికన్నా ముందు లేచి బిందె పెట్టాల్సింది నేనే, అన్న లక్ష్మణ్‌కు చదువు, అమ్మకు నడుమునొప్పి, నాకేమో మరి ఏదీ లేదు. ఇంటికొచ్చి టేప్ రికార్డర్‌లో పెట్టాను. పాట లేదు. ముందు గుర్‌ర్‌మని ఒక చప్పుడు, ఖాళీ నల్లాలోంచి గాలి దగ్గిన చప్పుడు, నీళ్లు వస్తాయేమో అని ఆశపెట్టి రాకుండా పోయే చప్పుడు, అది నాకు తెలిసినంతగా లోకంలో ఎవరికీ తెలియదనుకున్నాను, వీళ్లకు తెలుసు. తర్వాత ఒక్కసారిగా డ్రమ్ములు మీద పడ్డాయి, గిటారు కొయ్య మీద రంపం పెట్టినట్టు వచ్చింది, ఒక ఆడపిల్ల గొంతు, నా వయసు గొంతు, 'నల్లా రాలే, నల్లా రాలే, ఎవడిని అడగాలె, ఎవడూ రాలే' అని అరిచింది. పాడలేదు, అరిచింది. బ్యూలా. అట్ట మీద పేరు చూశాను. నేను అరవాల్సినవన్నీ ఎవరో నాకన్నా ముందు అరిచేశారని కోపం వచ్చింది, మంచి కోపం, నిలబడి తల ఊపాలనిపించే కోపం. మా అమ్మ శ్యామలమ్మ వంటింట్లోంచి వచ్చింది.

"గదేం పాటనే, కడుపు నొచ్చినట్టు ఒర్లుతది? బంద్ జెయ్!"

"నల్లా పాటమ్మా. మన నల్లా."

అమ్మ కాసేపు నిలబడి వింది. "మనింటి తీర్గనే ఒర్లుతుంది గా పిల్ల" అని లోపలికి పోయింది, ఆ తర్వాత ఎప్పుడూ ఆపమనలేదు. ఆ ఆల్బమ్‌కు ఈ భూమి మీద వచ్చిన మొదటి మెచ్చుకోలు అదే, బహుశా ఆఖరిది కూడా, ఎందుకంటే పేపరువాళ్లు రాసింది రెండు వాక్యాలు, అందులో ఒకటి కేకలు అని, రెండోది బ్యూలా లాంటి చర్చి యువత ఇలాంటివి మానుకుంటే మేలు అని. పేపరు చదివే పెద్దలకు సంగీతం అంటే శాలువా కప్పే సంగీతమే. ఇంగ్లీషు బ్యాండ్ల కుర్రాళ్లేమో తెలుగులో పంక్ ఏంటి అని నవ్వారు. తెలుగువాళ్లు ఇది తెలుగేనా అన్నారు. ఎవరి అరుగు మీదా చోటు దొరకలేదు దానికి. 'గేటు పడ్డది' అనే పాట వినండి, ఒక్కసారి వినండి, అల్వాల్ రైల్వే గేటు పడితే జనం ఏమేం చేస్తారో, స్కూటర్ వంచి దూరేవాడు, గేట్‌మన్‌ను తిట్టేవాడు, చంకలో పిల్లతో కట్టె కింద వంగేది, అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పేస్తుంది, కింద కాలేబు డ్రమ్ము రైలు లాగా కొడతాడు, నడిమధ్య తాళం తప్పుతాడు, తప్పి మళ్లీ పరిగెత్తి పట్టుకుంటాడు. ఆ తప్పు లేకపోతే పాట లేదు, ఎందుకంటే గేటు లేచిన వెంటనే మనందరం అట్లాగే తప్పి పరిగెత్తుతాం. 'ఓనర్ ఆంటీ' వినండి, మోటరు ఎప్పుడు వెయ్యాలి, మెట్లు ఎవరు కడగాలి, చుట్టం వస్తే ఎన్నాళ్లుండాలి, ఆంటీ రూల్సన్నీ ప్రార్థన చదివినట్టు చదివి చివర ఒక్క బూతు. ఆ ఒక్క బూతు ఎంత శుభ్రంగా ఉంటుందో. మా ఆయన రఘునాథ్ భీమవరం మనిషి, నెమ్మదస్తుడు, పాతికేళ్ల నాటి మెలోడీలు వింటూ కళ్లు మూసుకునే రకం. "ఏంటి నవతా, మళ్లీ ఆ నల్లా పాటేనా? మోటారు కాలిపోయినట్టు అరుస్తుందే ఆవిడ" అంటాడు. పెళ్లైన కొత్తలో ఆ మాటకు వారం మాట్లాడలేదు. ఇప్పుడైతే వాల్యూమ్ పెంచుతాను, అంతే.

మొదలుపెట్టారు. కొత్త 'నల్లా రాలే'. ఏం వినాలో ముందు విజయేందర్ చెబుతున్నాడు, "టేపుల బుస్సుమనే హిస్ మొత్తం తీసేసినం, వోకల్స్ క్లీన్ చేసినం, కాలేబు బీట్ అంతా గ్రిడ్ మీదికి తెచ్చినం." తెచ్చారు. గుర్‌ర్‌మనే నల్లా చప్పుడు ఇప్పుడు పెద్ద హోటల్లో షవర్ లాగా ఉంది. డ్రమ్ము తాళం తప్పడం లేదు, గేటు పడలేదు, లేవలేదు, అందరూ లైనులో నిలబడి మర్యాదగా పోతున్నారు. బ్యూలా గొంతు చుట్టూ ఉన్న గది తీసేశారు, పిల్లను ఎక్కడో శూన్యంలో నిలబెట్టి అరవమన్నట్టుంది. పక్కన టీషర్టు కుర్రాడు కళ్లు మూసుకుని "రా, బ్రో, సో రా" అంటున్నాడు. రా అట. నీ ముఖం రా. ఉడకబెట్టి వడ్డిస్తే పచ్చిదంటున్నావు. నాకు లేచి అరవాలని ఉంది, కానీ చివర దాకా ఆగాలి, చివర అడగాలి, నా పని చివరతోనే. టేబులు మీద షో కోసం పాత టూ-ఇన్-వన్ టేపు డబ్బా ఒకటి పెట్టారు, దాని పక్కన అభిమానుల క్యాసెట్లని గాజు పెట్టె, నా క్యాసెట్టు కూడా అందులో పెట్టమని అడిగింది ఒక పిల్ల గుమ్మంలో. ఇవ్వనన్నాను. మ్యూజియంలో పెడితే నోరుంటుందా దానికి.

బి సైడు ఆఖరి పాట పేరు 'నేను రాను'. అందులో ఉన్నవి ఆ రెండు మాటలే. ఎక్కడికి రాదో చెప్పదు, పెళ్లికా, గుడికా, చర్చికా, కాలేజీకా, ఇంటికా. రాను, రాను, నేను రాను, గొంతు చిరిగేదాకా, గిటారు తీగ తెగేదాకా, నిజంగానే తెగుతుంది, టంగ్‌మని వినబడుతుంది, విజయేందర్ అది కూడా తీసేసే ఉంటాడు. అప్పుడు ఆగిపోతుంది. హిస్. చాలాసేపు హిస్. అయిపోయిందనుకుని ఆపబోతారు, నేనూ మొదటిసారి ఆపబోయాను, చేతిలో ఇస్త్రీ పెట్టె ఉండి లేవలేదు, అందుకే దొరికింది. హార్మోనియం మొదలవుతుంది, పక్కింట్లోంచి వచ్చినట్టు. పెద్దావిడ ఒకామె సన్నగా, కిందగా రాగం తీస్తుంది, మాటల్లేవు, ఆ రాగం ఎక్కడికీ పోదు, పైకి లేవాల్సిన చోట లేవదు, దిగాల్సిన చోట దిగదు, ఏదో పాటకు ఎముక తీసేసి మిగిలినది పాడినట్టు ఉంటుంది. అప్పుడు హార్మోనియం టక్కున ఆగుతుంది. తలుపు చప్పుడు. ఆవిడ అంటుంది, "మళ్లీ లేటా బ్యూలా? చెప్పులు గక్కడ ఇడువు. వచ్చి నీ జాగల కూసో." అంతే. మళ్లీ హార్మోనియం, మళ్లీ ఆ రాగం, కట్. నేను రాను, రాను, రాను అని ఆల్బమంతా తిరగబడ్డాక, ఏమీ పట్టనట్టు, చెప్పులు విడిచి నీ జాగాలో కూర్చో! ఇంతకన్నా గొప్ప ముగింపు ఎవరు రాశారో చూపించమనండి. ఈ ఊరు అంతే కదా, నువ్వు ఎంత అరిచినా చెప్పులెక్కడ విడవాలో చెబుతుంది. ఆ మాటకు నవ్వాలో ఏడవాలో ఇప్పటికీ తేలదు నాకు. ఆసుపత్రిలో ఆలస్యమైన రోజు డాక్టరు ముఖం చూడగానే నాలో నేను అనుకుంటాను, మళ్లీ లేటా బ్యూలా అని. నా పేరు కాదు, అయినా అదే అనుకుంటాను. దాన్ని లేదంటాడా వీడు.

ఆఖరి పాట నడుస్తుండగా మెట్ల మీద ఎవరో వచ్చి ఆగారు. కత్తిరించిన జుట్టు సగం నెరిసింది, నేత చీర, వెనక పట్టీ ఉన్న చెప్పులు. కాలేబు, ఆ డ్రమ్ముల కాలేబే, ఇప్పుడు బట్టతల, పొట్ట, ఏసీల రిపేరు షాపు, లేచి గట్టిగా "బ్యూలా! మళ్లీ లేట్!" అన్నాడు, అందరూ తిరిగి చూశారు, నా చెయ్యి బ్యాగులో క్యాసెట్టు మీదికి పోయింది. ఆమే. కుర్చీ చూపించారు, కూర్చోలేదు, మెట్ల దగ్గర రెయిలింగు పట్టుకుని నిలబడింది, ఒక కాలు ఇంకా పై మెట్టు మీదే ఉంది. దగ్గరగా చూడటం ఇదే మొదలు. ఇంత చిన్న మనిషా. ఏం చేస్తుంటుందో ఇన్నేళ్లు, ఒక్క పాట మళ్లీ పాడలేదు, ఒక్క ముక్క ఎక్కడా మాట్లాడలేదు, మమ్మల్ని నడిరోడ్డు మీద వదిలేసి పోయింది. ఈమె మీద కూడా కోపమే నాకు. ఎక్కువ కోపం ఈమె మీదే అనుకుంటాను. ఇప్పుడు తన పాటే నడుస్తుంటే ఎవరి పాటో అన్నట్టు గోడ చూస్తోంది. తీగ తెగలేదు. నేను చెప్పానా, తీసేశాడు. పాట నున్నగా ఆగింది. చప్పట్లు. చివర లేదు.

చెయ్యెత్తబోతున్నాను, కాలేబు మైకు తీసుకున్నాడు. అతని మాట మాత్రం ఎవరూ కడగలేదు, అదొక్కటే నయం. "జెర ఒక ముచ్చట చెప్త. అప్పుడు మా దగ్గర కొత్త క్యాసెట్లు కొనే సీను లేదు. బ్యూలా ఒక కార్టన్ నిండ తెచ్చింది. యాడికెల్లి తెచ్చినవ్ అని మేం సుత అడగలే. తర్వాత తెలిసింది, ప్రిసిల్లా ఆంటీవి! బ్యూలా వాళ్ల మమ్మీ చర్చిల క్వయర్ పాటలు నేర్పేటిది కద, ఒక్కొక్కలకు ఒక్కో క్యాసెట్ చేసేది. పైగొంతు సొప్రానోవాళ్లకు సొప్రానో, కిందిగొంతు ఆల్టోవాళ్లకు ఆల్టో, ఎవరి లైను వాళ్లకే హార్మోనియం మీద పాడి ఇచ్చేది, ఇంట్ల నేర్చుకొని రాండ్రి అని. క్రిస్మస్ అయినంక వాపస్ తీస్కొని అల్మారీల పెట్టేది, మళ్లొచ్చే ఏడుకు. మేం వాటి మీదనే మా లొల్లి ఎక్కించినం. డిసెంబర్ల ఆంటీ అల్మారీ తెరిస్తే ఏముంది, ఖాళీ!" కుర్రాళ్లు పగలబడి నవ్వారు. ఒకడు "దట్స్ సో పంక్" అన్నాడు. విజయేందర్ కూడా నవ్వుతూ, "ఆంటీ పోయిన ఏడు పోయింది పాపం, ఉంటే ఇయ్యాల మనల్ని చీపురుతోని కొట్టేటిది" అన్నాడు. మళ్లీ నవ్వు. నేను నవ్వలేదు. ఒక్కొక్కరికి ఒక్కో లైను, ఒక్కో గీత. పైకి లేవాల్సిన చోట లేవని రాగం. యాప్రాల్ వాడి ఆమేన్. ఇంకొకడి బొంగురు రాగం. మా ముగ్గురిలో ఎవరిదీ దొంగ కాపీ కాదు. వీళ్ల పాటలు అయిపోయిన చోట చెరపడం కూడా ఆగింది, టేపు ఇంకా ఉంది, ఆ మిగిలిన టేపులో ఆవిడ ఉంది.

మెట్ల దగ్గర బ్యూలా నవ్వలేదు. ఎవరో పిల్ల మైకు తీసుకెళ్లి ఆమె ముందు పెట్టింది, ఒక్క మాట అక్కా, ఒక్క మాట అని. ఆమె మైకును పట్టుకోలేదు, దానివైపు వంగింది. "ఈ ఆల్బమ్ నేను మళ్ల ఎన్నడూ ఇనలే. ఒక్క కాపీ సుత ఉంచుకోలే. ఆ డిసెంబర్ మమ్మీ నన్ను ఏం అనలే, ఒక్క మాట అనలే. పాడుడు బంద్ చేసింది, అంతే." అరిచిన గొంతు కాదు అది, అయినా అదే. "మమ్మీ పోయినంక ఆమె గొంతు కోసం ఎతికిన. ఫోన్ల, వీడియోల, చర్చిల. మాట్లాడింది ఎవ్వరి దగ్గర లేదు. ఉన్నయన్ని నేనే చెరిపిన. మీకు నచ్చింది, థాంక్స్. నాకు మాత్రం నవ్వు రాదు." అని వెనక్కి తిరిగింది. హాల్లో ఒకరిద్దరు అలవాటు కొద్దీ చప్పట్లు కొట్టి ఆపేశారు.

అయితే నా ముగింపు ముగింపు కాదు. ఎవరూ రాయలేదు దాన్ని. ఎవరూ అనుకోలేదు. లేటుగా వచ్చిన కూతుర్ని తల్లి ఒక మాట అంది, చెరపడానికి పాటలు చాలక అది మిగిలిపోయింది, దాన్ని పట్టుకుని నేను ఇన్నేళ్లు జనంతో కొట్లాడాను, మొగుడితో మాట్లాడటం మానేశాను, దొంగ కాపీ అని తిట్టాను. విజయేందర్ అబద్ధం చెప్పలేదు, అది ఇంకా మంట. ఇప్పుడు ఈ క్యాసెట్టు తీసి పెట్టానంటే ఇక అది ఆల్బమ్ చివర కాదు, ఆమె తల్లి. నాకు ఆల్బమ్ 'నేను రాను' దగ్గరే అయిపోతుంది, అందరికీ అయిపోయినట్టే. ఎందుకివ్వాలి? చెరిపినప్పుడు తెలియదా? పెద్ద కార్టన్ నిండా మోసుకొచ్చినప్పుడు చేతులు నొప్పెట్టలేదా? తనకు అక్కర్లేదని పారేసింది, దిక్కులేని దాన్ని నేను సాకాను, దుమ్ము తుడిచాను, టేపు తెగితే చిటికెనవేలి గోరంత అతుకు వేశాను, వానల్లో బియ్యం డబ్బాలో దాచాను. ఈమెకంటే నాకే ఎక్కువ తల్లి ఆవిడ, రోజూ విన్నదాన్ని నేను. జిప్పు వేసుకుని పోదాం. ఎవరికీ తెలియదు. ఆ మెట్ల మీద చెప్పుల చప్పుడు ఒకటి, ఇంకొకటి, దిగుతోంది. వినబడ్డప్పుడు చెయ్యెత్తండి, వినబడకపోయినా నామోషీ కొద్దీ ఎత్తకండి, రోజూ ఊరందరికీ చెప్పేదాన్ని. వినబడుతున్నా ఎత్తకుండా కూర్చునేవాళ్లను ఏమనాలో నాకు ఎవరూ నేర్పలేదు.

"ఓ అక్కా! జెర ఆగు!" అని అరిచాను. నాకే తెలియని గొంతు, పైకి చీరుకుంటూ పోయింది. హాలంతా తిరిగింది. మెట్ల మీద చప్పుడు ఆగింది.

విజయేందర్ ముందుకొచ్చాడు. "మేడమ్, క్వశ్చన్స్ లాస్ట్‌ల తీసుకుంటం."

"నాది క్వశ్చన్ కాదు. ఆ డబ్బా పనిచేస్తదా?"

"అది షో కోసం పెట్టినం మేడమ్..."

"వైరు పెట్టు" అన్నాను. ఆయన కదల్లేదు, కాలేబు వంగి, ఏసీ మెకానిక్కు కదా, పోనీటెయిలును పక్కకు జరిపి ప్లగ్గు పెట్టాడు. పాల కవరు విప్పాను. బి సైడు. వేలు ఫాస్ట్ ఫార్వర్డ్ మీద పెట్టి చెవితోనే వెతికాను, కిచకిచమని పరిగెత్తే పాటల్లో ఏది ఎక్కడుందో ఈ వేలికి తెలుసు, 'ఓనర్ ఆంటీ' పోయింది, 'గేటు పడ్డది' పోయింది, ఆపి నొక్కాను. 'నేను రాను' సగంలోంచి వచ్చింది. మురికిగా, గరగరలాడుతూ, కాలేబు తాళం తప్పుతూ, పరిగెత్తుతూ, బ్యూలా చుట్టూ ఆ గది మొత్తం ఉంది, సిమెంటు గోడలు, ఎక్కడో కుక్క. రాను, రాను, నేను రాను. టంగ్, తీగ. టీషర్టుల కుర్రాళ్లు నోళ్లు తెరుచుకుని ఉన్నారు. ఇదిరా, రా అంటే, అనాలనుకున్నాను, అనలేదు. హిస్ మొదలైంది. ఒకడు అయిపోయిందనుకుని చప్పట్లకు చేతులెత్తాడు, వాడి చెయ్యి పట్టుకుని కిందికి దించాను. హిస్. బ్యూలా మెట్ల మీద సగం దిగి, తల ఒక్కటే పైకి కనిపిస్తూ నిలబడింది, చికాకుగా నావైపు చూస్తోంది. చూడు, ఎంతైనా చూడు.

హార్మోనియం వచ్చింది. ఆమె చెయ్యి రెయిలింగు మీద బిగిసింది. కింది గీత, ఆల్టో, పైకి లేవకుండా, తన పాటికి తాను పోతూ. ఈ రాగం నాకు మొత్తం వచ్చు, దీని పైన పాడాల్సిన గీత నేను ఎప్పుడూ వినలేదు. బ్యూలా పెదవులు కదిలాయి, చప్పుడు లేదు, ఆ పైన ఉండాల్సిన గీతేనేమో అది. తర్వాత తలుపు చప్పుడు. నేను బటన్ మీంచి వేలు తీసేసి నా కుర్చీలోకి వచ్చి కూర్చున్నాను, ఆ మాటల దగ్గర అక్కడ నిలబడటం నాకు చేతకాలేదు.

"మళ్లీ లేటా బ్యూలా? చెప్పులు గక్కడ ఇడువు. వచ్చి నీ జాగల కూసో."

ఆమె మెట్టు మీద ఒంగింది. వెనక పట్టీలు ఊడదీసుకోవడానికి చాలాసేపు పట్టింది. చెప్పులు రెండూ గోడవారకు జరిపింది. ఉత్తి కాళ్లతో, ఎవరివైపూ చూడకుండా, కుర్రాళ్లు కాళ్లు ముడుచుకుని దారి ఇస్తుంటే, ఖాళీ కుర్చీ దగ్గరికి వచ్చింది, నా పక్కది ఒక్కటే ఉంది. డబ్బాలో ఆవిడ మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంది. నేను ఆ కుర్చీ మీంచి నా బ్యాగు తీసి ఒళ్లో పెట్టుకున్నాను.